గోల్కొండ కొలువుకు బట్టలు కుట్టేవారికి

'లా బయదేర్' బ్యాలేకు దుస్తులు గీసి, కత్తిరించి, కుట్టించే డిజైనర్లందరికీ,



మీలో కొందరు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటారు, కొందరు పారిస్‌లో, లండన్‌లో, బెర్లిన్‌లో, న్యూయార్క్‌లో. నేను హైదరాబాదులో ఉంటాను. నృత్యనాటికలకు బట్టలు కుట్టించడం నా వృత్తి. మా వీధి చివర బస్సెక్కితే గోల్కొండ కోట ఎంతో దూరం కాదు. మీ బ్యాలేలో డుగ్మంత అనే రాజుగారున్నారే, ఆయన ఏలేది ఆ గోల్కొండనే. ఇన్నేళ్లుగా మీరు బట్టలు కుడుతున్నది మా ఊరివాళ్లకు కాబట్టి, నాలుగు మాటలు చెప్పే చనువు నాకుందనుకుంటున్నాను. తెలుగులో రాయడం కావాలనే. అనువాదం చేయించుకునే స్తోమత మీ థియేటర్లకు ఉంది. పైగా ఈ మాట ముందు ఇక్కడివాళ్ల చెవిన పడాలి. తమ ఊరి పేరు మీద అక్కడ ఒక నాటకం ఒకటిన్నర శతాబ్దంగా ఆడుతోందని మా వాళ్లలో చాలామందికి తెలియదు.

అందుకని వాళ్లకోసం కథ క్లుప్తంగా. నికియా బయదేర్, అంటే గుళ్లో నాట్యం చేసే అమ్మాయి. సోలోర్ అనే వీరుడు పవిత్రమైన అగ్ని ముందు ఆమెకు మాటిస్తాడు. రాజు తన కూతురు గమ్జత్తిని అదే సోలోర్‌కిచ్చి పెళ్లి నిశ్చయిస్తాడు. నికియా మీద కన్నేసిన ప్రధాన పూజారి సంగతంతా రాజుకు మోస్తాడు. పూలబుట్టలో పాము, కాటు, చావు. సోలోర్ నల్లమందు పీల్చి, ఆ మత్తులో తెల్లటి ఛాయారూపాలను చూస్తాడు. మారియస్ పెటిపా దీన్ని 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చాడు. సంగీతం లుడ్విగ్ మిన్‌కుస్‌ది, తొలి నికియా ఎకతెరీనా వాజెమ్. అప్పటికి యూరప్‌లో గోల్కొండ పేరు వజ్రాలతో పాటు ఊరూరా తిరిగేసింది. బూఫ్లేర్ 1761లో గోల్కొండ రాణి ఆలీన్ కథ రాశాడు. దాన్ని 1766లో మోన్సిన్యీ పారిస్ రంగస్థలానికెక్కించాడు, 1828లో డోనిజెట్టి ఒపేరా చేశాడు. అంటే పెటిపా చేతికి వచ్చేసరికే గోల్కొండ అన్నది మనుషులుండే ఊరన్న సంగతి వెనకబడి, ధగధగలాడే పేరు ఒక్కటే మిగిలింది. ఊరు మిగలనప్పుడు ఊళ్లో జనం ఏం కట్టుకుంటారన్న ప్రశ్న ఎవరికి పడుతుంది?

ఆ ప్రశ్న పడాల్సింది మీకు. అదీ నాయికల దుస్తుల దగ్గర కాదు, క్యారెక్టర్ డాన్సర్ల దుస్తుల దగ్గర.

బ్యాలే అనగానే మా వాళ్లకు గుర్తొచ్చేది మునివేళ్ల మీద నిలబడ్డ అమ్మాయి, ఆమె నడుం చుట్టూ బిర్రుగా నిలిచే తెల్లటి టుటు. క్యారెక్టర్ డాన్సర్ల తీరు వేరు. వాళ్ల కాళ్లకు మడమ ఉన్న జోళ్లో, బూట్లో ఉంటాయి. 'స్వాన్ లేక్'లో రాకుమారుడి విందుకు దేశదేశాల నుంచి వచ్చి మజూర్కా, చార్దాష్ ఆడేది వాళ్లే. పాదం నేలను తన్నుతుంది, భుజం మాట్లాడుతుంది, నడుం ఒక ప్రాంతపు యాసలో తిరుగుతుంది. షిర్యాయెవ్, లోపుఖోవ్, బొచరోవ్ కలిసి 1939లో ఈ విద్యకు పాఠ్యపుస్తకమే రాశారు. క్లాసులో ఆడపిల్లలు వేసుకునే నల్ల గౌనుకు అంచు దగ్గర రెండుమూడు వరసల రిబ్బను కుట్టి ఉంటుంది. చూసేవాళ్లకు అది అలంకారం. కుట్టేవాళ్లకు తెలుసు, ఆ రిబ్బను బరువు వల్లే గౌను కిందికి దిగుతుంది, తిరిగేటప్పుడు విచ్చుకుంటుంది, పిల్ల ఆగాక ఒక క్షణం ఆలస్యంగా ఆగుతుంది. ఆ ఆలస్యం కూడా నాట్యంలో భాగమే.

మీ గోల్కొండలో ఇలాంటి వాళ్లెవరు? అగ్ని చుట్టూ దూకే ఫకీర్లు, వాళ్ల నాయకుడు మగ్దవేయ. నిశ్చితార్థపు వేడుకలో బిందె నెత్తిన పెట్టుకుని ఆడే అమ్మాయి, ఆమె వెంటపడే ఇద్దరు చిన్నపిల్లలు. ఢంకా నాట్యం చేసే గుంపు. మేలిముసుగు ఒక కొస చేత్తో పట్టి, మరో కొస కాలికి కట్టుకుని ఆడే జంపే నాట్యం అమ్మాయిలు. నీళ్లు తెచ్చేవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు, రాజు వెనక నిలబడేవాళ్లు. నికియాకు, గమ్జత్తికి ఎటూ టుటులున్నాయి. మూడో అంకంలో కొండ వాలు మీంచి ఒకరి తర్వాత ఒకరు దిగే ఇరవైనలుగురు లేదా ముప్ఫైఇద్దరు ఛాయల తెల్లబట్టకు ఏ ఊరూ లేదు, ఉండనక్కర్లేదు కూడా. అది బ్యాలే చరిత్రలోనే గొప్ప దృశ్యం, దాని జోలికి నేను పోను. కానీ ఈ నాటకంలో గోల్కొండ అంటూ ఎక్కడైనా కనిపించాల్సి ఉంటే అది ఆ చిన్న పాత్రల ఒంటి మీదే.

ఆ ఒంటికి మీరేం ఇచ్చారు? మట్టిరంగు బనీను. దాని మీద మరికాస్త ముదురు రంగు పూత. మొలకు గోచీగుడ్డ, తలకు చింపిరి విగ్గు. ఆడవాళ్లయితే అరేబియా కథల పుస్తకంలోంచి దిగిన బుడగ పైజామా, బొడ్డు కనిపించే రవిక, నుదుటి మీద గొలుసు. 1877 నుంచి డిజైనర్లు మారారు, గొప్పవాళ్లే వచ్చారు. 1980లో నటాలియా మకరోవా న్యూయార్క్‌లో పూర్తి బ్యాలేను నిలబెట్టినప్పుడు బట్టలు థియోనీ ఆల్‌డ్రెడ్జ్ చేశారు. 1992లో నురేయెవ్ పారిస్ ఒపేరాలో తన చివరి పెద్ద పనిగా దీన్ని ఎత్తుకున్నప్పుడు ఫ్రాంకా స్క్వార్చియాపీనో చేశారు. ఇద్దరూ సినిమాల్లో ఆస్కార్ అందుకున్నవాళ్లు. రాజు శేర్వానీ మీద జరీ పనిని, గమ్జత్తి దుపట్టాను చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అంత పనితనం ఉన్న వృత్తిలో ఫకీరు దగ్గరికి వచ్చేసరికి చాలా థియేటర్లలో చెయ్యి ఎందుకు ఆగిపోతుందో మాత్రం నాకు బోధపడదు.

2019 డిసెంబరులో అమెరికన్ బ్యాలే నర్తకి మిస్టీ కోప్‌లాండ్ ఒక ఫోటో బయటపెట్టారు. బొల్షోయ్ థియేటర్ వారి 'లా బయదేర్' కోసం ముఖానికి, ఒంటికి నల్లరంగు పూసుకున్న ఇద్దరు అమ్మాయిల ఫోటో అది. గొడవైంది. థియేటర్ డైరెక్టర్ వ్లాదిమిర్ ఉరిన్ ఆ పద్ధతిని వెనకేసుకొచ్చారు. ఆ తర్వాత చాలామంది ఆలోచనలో పడ్డారు. కొన్నిచోట్ల ఇబ్బందిపెట్టే నాట్యాలను తీసేశారు. 2024లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో ఫిల్ చాన్, డగ్ ఫులింగ్టన్ కథను ఏకంగా 1930ల హాలీవుడ్‌కు తరలించారు. అక్కడ గుడీ లేదు, రాజూ లేడు, కౌబాయ్‌లున్నారు. తెలివైన పనే, నాకు అభ్యంతరం లేదు. కాని ఊళ్లో కొందరికి సరైన బట్టల్లేవని ఊరినే ఖాళీ చేయిస్తారా?

నా మాట ఇంతే. రంగు పూత ఎక్కడ మొదలవుతుందో చూడండి. గుడ్డ గురించి ఆలోచించడం ఆగిన చోట మొదలవుతుంది. ఈ మనిషి ఎవరు, ఏ పని చేస్తుంది, ఏం కట్టుకుని ఆ పని చేస్తుంది అని అడగనప్పుడు, 'భారతీయురాలు' అని తెలియజెప్పడానికి చర్మం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు డబ్బా మూత తీస్తారు. ఆ డబ్బాకు పెట్టే ఖర్చు గుడ్డకు పెట్టండి. చర్మాన్ని దాని మానాన వదిలేయండి. పూతతో మీకు కలిసొచ్చిందీ లేదు. అది పక్కవాళ్ల తెల్లబట్టకు అంటుతుంది, చెమటకు కారుతుంది, మెడపట్టీకి పట్టేస్తుంది. పొద్దున్నే దాన్ని వదిలించలేక మీ వార్డ్‌రోబ్‌వాళ్లు పడే అవస్థ మీకంటే నాకెక్కువ తెలియదు.

బిందె అమ్మాయినే తీసుకుందాం. మా వాళ్లెవరైనా ఆ నాట్యం చూస్తే ముందు వెతికేది చుట్టకుదురు. నెత్తిన బిందె పెట్టుకునే ఆడమనిషి ముందు ఒక పాతగుడ్డను తాడులా మెలేసి, గుండ్రంగా చుట్టి తల మీద పెట్టుకుంటుంది. బిందె దాని మీద కూర్చుంటుంది. మూరెడు గుడ్డతో అయ్యే పని. మీరు ఆమె తల మీద ఉంచే ముత్యాల పట్టీ కంటే అది ఎక్కువ చెబుతుంది, ఈ పిల్ల రోజూ నీళ్లు మోస్తుందని చెబుతుంది. రెండోది పైట. నీళ్లకు వెళ్లేటప్పుడు కొంగు జారేలా వదిలేసే ఆడది మా వైపు ఉండదు. దాన్ని ముందుకు లాగి, నడుం చుట్టూ తిప్పి, కుడిపక్కన బిగించి దోపుతుంది. మీ డాన్సర్‌కు కావలసిందీ అదే కదా, ఒంటికి అంటి ఉండే పైభాగం, చేతులకు అడ్డుపడని గుడ్డ.

మూడోది గోచీకట్టు. చీర కుచ్చిళ్లను కాళ్ల మధ్య నుంచి వెనక్కు లాగి నడుం దగ్గర దోపితే పిక్కల పైకి వస్తుంది, కాళ్లు రెండూ విడివిడిగా కదులుతాయి. నాట్లు వేసే ఆడవాళ్లు, బరువులెత్తే ఆడవాళ్లు తరతరాలుగా కట్టింది ఇదే. బుడగ పైజామాతో మీరు సాధించాలనుకున్న వెసులుబాటు అంతా ఇందులో ఉంది. ఇంకోటి కూడా ఉంది: కూర్చుంటే ఒకలా, ఎగిరితే ఒకలా, తిరిగితే ఒకలా గీత మారుతుంది. పైజామా మాత్రం ఏం చేసినా ఉబ్బే ఉంటుంది. కట్టడానికి పట్టే సమయం గురించి కంగారు పడకండి. కుట్టి ఇవ్వొచ్చు. నడుం పట్టీకి కుచ్చిళ్లు అమర్చి, కాళ్ల మధ్య చతురస్రపు ముక్క ఒకటి వేసి, వెనక దోపుడును హుక్కులతో బిగిస్తే రెండు నిమిషాల్లో వేసుకోవచ్చు. కాలు నడుం ఎత్తుకు లేచినా ఎక్కడా పట్టదు. మేం ఆ పని రోజూ చేస్తాం.

ఇక్కడో జాగ్రత్త. భారతీయత కావాలంటే కూచిపూడి డ్రెస్సో, భరతనాట్యం డ్రెస్సో తెప్పించి తొడిగేయొచ్చు అన్న ఆలోచన మీలో కొందరికి రావచ్చు. వద్దు. ఇప్పుడు మేం కుట్టే ఆ డ్రెస్సు గత శతాబ్దంలో రూపుకట్టింది. దాని ముందు విసనకర్ర అరమండిలో కూర్చున్నప్పుడు విచ్చుకోవడానికి పుట్టింది. మీ డాన్సర్లు మోకాలు చాచి పైకి లేస్తారు. పైకి లేచే ఒంటి మీద అది మూసిన గొడుగే. పైగా బిందె మోసే పిల్లకు అరంగేట్రం బట్టలు ఎందుకు? మా కూచిపూడిలోనూ తరంగం అని ఒకటుంది, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, తల మీద నీళ్ల చెంబు పెట్టుకుని ఆడతారు. అది మహా నైపుణ్యం. కాని అక్కడ డాన్సర్ డాన్సరే. మీ అమ్మాయి ఊళ్లోంచి వచ్చిన అమ్మాయి. ఈ తేడా చూపించడానికే క్యారెక్టర్ డాన్సు అన్నది పుట్టింది.

ఫకీర్ల సంగతికొద్దాం. మొదటి అంకంలో వాళ్లు మంట మీంచి దూకుతారు. ఇది మీ వాళ్ల ఊహే అనుకునేవాణ్ని నేను, మొహర్రం నాడు ఒక పల్లెలో పీర్ల గుండం పక్కన నిలబడేదాకా. గుంట తవ్వి, కట్టెలు పేర్చి, నిప్పు చేస్తారు. ఆ గుండం చుట్టూ ఆడతారు, కొందరు నిప్పుల మీద నడుస్తారు. హిందువులూ ముస్లింలూ అని తేడా లేదు, ఊరంతా అక్కడే ఉంటుంది. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు. చార్మినార్ దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టించింది వాళ్లలో ఒకడైన మహమ్మద్ కులీ. కాబట్టి గోల్కొండలో ఫకీరు, మంట అన్నవి ఒకచోట చేరడంలో వింతేమీ లేదు. పెటిపాకు ఇది తెలిసి ఉంటుందని నేననను. ఎక్కడో చీకట్లో రాయి వేశాడు, తగిలింది.

ఆ తగిలినదాన్ని వాడుకోండి. ఫకీరు మొలగుడ్డ కట్టుకున్న అడవిమనిషి అన్నది శుద్ధ అబద్ధం. పొడవాటి అంగీ ఉంటుంది, తలకు గుడ్డ ఉంటుంది, చాలాసార్లు ఆకుపచ్చది. మెడలో పూసలు, చేతిలో నెమలీకల కట్ట. ఆ కట్టతో తల నిమిరి ఊదు పొగ వేసే ఫకీరును నా చిన్నప్పుడు మా వీధిలో ప్రతి గురువారం చూసేవాణ్ని. అంగీతో దూకడం ఎలా అంటారేమో. నిప్పు దగ్గరికి వెళ్లే మనిషి ఏం చేస్తాడు? అంగీ ముందు అంచులు రెండూ ఎగ్గట్టి నడుంలో దోపుకుంటాడు. అది రంగస్థలం మీదే చేయించండి. పక్కలకు నడుం దాకా చీలిక పెట్టి కుట్టండి, సంగీతంలో దొరికే జాగాలో ఆ దోపుడు పెట్టండి. దూకబోతున్నాడని ప్రేక్షకుడికి ముందే ఒళ్లు బిగుసుకుంటుంది. గాల్లో ఉన్నప్పుడు అంగీ వెనకభాగం తెరచాపలా లేస్తుంది. మట్టిరంగు బనీను ఎంత ఎగిరినా ఆ పని చేయదు. మా భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి ప్రవేశించడాన్ని చూడండి. నటుడి ముఖం కనిపించకముందే జడ చెప్పాల్సింది చెప్పేస్తుంది. వేషంలో ఒక వస్తువుకు పని అప్పగించడం అంటే అది. జంపే నాట్యంలో కాలికి కట్టిన ఆ మేలిముసుగుతో మీ వాళ్లూ ఆ పని చేశారు. తెలియని విద్య అయితే కాదు.

ఢంకా నాట్యం గురించి ఎక్కువ చెప్పను. మా దగ్గర డప్పు కొట్టేవాళ్లు కొడుతూనే ఆడతారు, అడుగులు లెక్క తప్పవు. తలపాగా, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, నడుంకు బిగించిన కండువా, కాళ్లకు గజ్జెలు. ఆ వాయిద్యాన్ని తరాలుగా మోసినవాళ్లను ఊరే తక్కువ చూపు చూసింది, అది మా సిగ్గు. మీరు దూరం నుంచి వచ్చి వాళ్లను పళ్లు బయటపెట్టి చిందులేసే గుంపుగా చూపిస్తే ఆ తక్కువ చూపుకే మీరూ ఓటేసినట్టు.

ఇక గుడ్డ. ఇక్కడ నాకు కాస్త గర్వంగా ఉంటుంది, ఓపిక పట్టండి.

గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నం. అక్కడి అద్దకపు నూలుబట్ట మీ పూర్వీకులకు ఎంత పిచ్చెక్కించిందంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్లు మునిగిపోతున్నారని ఫ్రాన్స్ ఇలాంటి బట్టను 1686లో నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో దిగుమతిని, 1721లో వాడకాన్ని ఆపింది. అయినా దొంగచాటుగా తెప్పించుకుని తొడుక్కున్నారు. వాళ్లను అంతగా ఆకట్టుకున్నది పూల డిజైను ఒక్కటే అనుకోవద్దు, ఉతికినా పోని రంగు. మచిలీపట్నం దగ్గరి పెడనలో ఈ పని ఇప్పటికీ చేస్తారు. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెడితే నలుపు వస్తుంది, దాన్ని కసిమి అంటారు. ఎరుపు కావాలన్న చోట పటిక అద్దుతారు. పారే నీళ్లలో ఉతికి, తర్వాత ఎర్రరంగునిచ్చే మొక్క వేళ్లతో కలిపి రాగి గంగాళంలో ఉడికిస్తే పటిక పడ్డ చోటల్లా ఎరుపు తేలుతుంది. అంటే రంగు తయారయ్యే దారిలోనే ఉతుకూ ఉడుకూ అయిపోయాయి. చెమటకు భయపడాల్సిన పనిలేదు.

మీ పట్టు, మఖమలు దుస్తులను ఆట తర్వాత ఆట ఉతకలేక వార్డ్‌రోబ్‌లలో వోడ్కా చల్లి వాసన చంపుతారు కదా. ఊళ్లో జనానికి వేసే బట్ట నూలుదైతే ఆ సీసా ఇంకోలా ఖర్చుపెట్టుకోవచ్చు.

లైట్ల కింద నూలు చప్పగా కనిపిస్తుందని మీరంటారు. నిజమే. చిన్నచిన్న పువ్వుల అద్దకమైతే పదో వరసకే మసక, ఇరవయ్యో వరసకు బురద. చీరల కొట్లో ఉన్నది కొనుక్కుపోతే జరిగేది అదే. అద్దకం దిమ్మలు టేకుతో చెక్కుతారు, మీరు అడిగితే పెద్దవి చెక్కిస్తారు. అరచేతి కంటే చిన్న పువ్వు వద్దని చెప్పండి. రంగులు మూడు దాటనివ్వకండి. నల్లగీత లావుగా ఉంచమనండి, దూరానికి బొమ్మను నిలబెట్టేది అదే. 1912లో 'ల ద్యూ బ్లూ' బ్యాలేకు బట్టలు చేసిన లియోన్ బాక్స్ట్ చూపింది పురావస్తుశాల భారతదేశం కాదు, ఆయన సొంత కల. కాని గుడ్డ మీద బొమ్మ ఎంత పెద్దగా ఉండాలో ఆయనకు తెలిసినంత మరొకరికి తెలియదు.

గద్వాల చీర మీద కూడా ఒకసారి చెయ్యి వేసి చూడండి. ఒళ్లంతా నూలు, అంచు పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. తేలికైన గుడ్డ, బరువైన అంచు. మీ నల్ల గౌనుకు వరసలుగా రిబ్బను కుట్టి మీరు తెచ్చుకునే బరువు ఇక్కడ నేతలోనే ఉంది. జంటగా ఎత్తి తిప్పే నాట్యాల్లో మాత్రం నడుం దగ్గర జరీ రానివ్వకండి. పట్టుకునేవాడి అరచేతులు గీసుకుపోతాయి. రాళ్లు, అద్దాల మాట చెప్పనే అక్కర్లేదు.

ప్రధాన పూజారికి ఎర్రటి అంగీ, పొడవాటి ఉత్తరీయం, కార్డినల్ లాంటి టోపీ ఎవరు పెట్టారోగాని, మా గుళ్లో అర్చకుడు కుట్టిన బట్ట వేసుకోడు. పంచె, అంగవస్త్రం, జంధ్యం. సగం ఒళ్లు కనబడుతుంది, అయినా ఆ మనిషి దగ్గరికి పోవడానికి జంకు పుడుతుంది. నటుడికి అంతకంటే ఏం కావాలి? రాజు విషయంలో నేను పట్టుబట్టను. చరిత్ర ప్రకారమైతే అక్కడ సుల్తాను ఉండాలి, పల్చటి మల్లు జామా, నడుంకు పొడుగాటి పట్కా ఉండాలి. చివరి సుల్తాను తానీషా కూచిపూడి అగ్రహారాన్ని నాట్యం చేసే బ్రాహ్మణులకు ఇచ్చాడని చెప్పుకుంటారు. సుల్తాను అబ్దుల్లా కాలంలో తారామతి అనే గాయని పాట కోటలోకి వినిపించేదనీ చెప్పుకుంటారు. మీ కథకంటే ఇవేం తక్కువ రసవత్తరం కావు. కాని 1877 నాటి కథను దిద్దమని అడగడానికి రాలేదు నేను. రాజుకు కిరీటం ఎంత ఎత్తుదైనా పెట్టుకోండి.

ఒక్కచోట రంగు పూతకు నా ఓటు మీకే. 1948లో నికొలాయ్ జుబ్కోవ్‌స్కీ కూర్చుకుని ఆడిన బంగారు విగ్రహం నాట్యం. అది లోహం, మనిషి కాదు. ఎంత పూసుకుంటారో పూసుకోండి.

మాకేం తెలుసని చెబుతున్నావని అడిగే హక్కు మీకుంది. మేమూ పుణ్యాత్ములం కాము. మా పౌరాణిక నాటకాల్లో, సినిమాల్లో రాజంటే మఖమలు కోటు, ద్వాపర యుగంలో జిప్పు, గిరిజనుడంటే ఒంటికి మసి, నడుంకు ఆకులు. ఈ మధ్య స్కూలు వార్షికోత్సవాల్లో కోయ నాట్యమని పిల్లలకు తొడిగే చిరుతపులి మచ్చల శాటిను చూస్తే మీరే నయమనిపిస్తుంది. గుడ్డ దగ్గర ఆలోచన ఆగిపోవడం ఒక ఖండానికి పట్టిన జబ్బేం కాదు.

నిజం చూపించడానికి మీ వాళ్లకు అవకాశం రాలేదనీ చెప్పలేరు. పెటిపా బ్యాలేకు 39 ఏళ్ల ముందే, 1838లో, పాండిచ్చేరి దగ్గరి తిరువెందిపురం నుంచి నిజమైన దేవదాసీలు పారిస్ వచ్చి వారియెతే థియేటర్‌లో ఆడారు. రచయిత తెయోఫిల్ గోతియే వాళ్లమీద వ్యాసం రాశాడు. శిల్పి జాన్ ఓగ్యుస్త్ బార్ వాళ్లలో అమని అనే అమ్మాయిని కంచుబొమ్మగా చేశాడు. వాళ్లు వెళ్లిపోయారు, ఆ బట్టలూ వాళ్లతో వెళ్లిపోయాయి, బొమ్మ మిగిలింది. తర్వాత వచ్చిన బయదేర్‌కు మాత్రం టుటు కుట్టారు.

చివరగా పని మాటలు. మీరు మళ్లీ ఈ బ్యాలే ఎత్తుకున్నప్పుడు నాయిక దుస్తులతో మొదలుపెట్టకుండా బిందె అమ్మాయితో, ఒక ఫకీరుతో మొదలుపెట్టండి. స్కెచ్ వేసే ముందే ఇద్దరు డాన్సర్లకు నాలుగేసి గజాల ముతక నూలుబట్ట ఇచ్చి, వాళ్ల అడుగులన్నీ ఆ బట్టతో వేయించి చూడండి. ఎక్కడ తట్టుకుంటుందో, ఎక్కడ జారుతుందో అక్కడ గుర్తులు పెట్టండి. పెడనకు ఆర్డరు పంపేటట్టయితే వానలకు ముందే పంపండి, వానాకాలంలో ఎండపెట్టడం కుదరక పని ఆగుతుంది. అద్దకంలో గుడ్డ కాస్త కుంచించుకుపోతుంది, మీటరుకు రెండు మూడు అంగుళాలు ఎక్కువే లెక్కేసుకోండి. నమూనా ముక్కను మీ లైట్ల కింద ఇరవయ్యో వరసలోంచి చూసి, నల్లగీత చాలలేదనిపిస్తే నిర్మొహమాటంగా తిప్పిపంపండి. దిమ్మలు చెక్కేవాళ్లు కోప్పడరు, మళ్లీ చెక్కుతారు. చుట్టకుదురుకు మాత్రం కొత్తగుడ్డ వాడకండి, జారుతుంది. బాగా ఉతికి నలిగిన పాత పంచె ముక్క ఏదైనా సరే.

ఇట్లు,
నృత్యనాటికలకు బట్టలు కుట్టించే ఒక హైదరాబాదువాసి